క్యూబా, హైతీ, పోర్టోరికో, బ్రెజిల్: ఏ దరువు నేర్చుకోవాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

అమెరికాలో బే ఏరియాలోనో న్యూయార్క్‌లోనో ఉంటూ ఆఫ్రో డాన్స్, అంటే ఆఫ్రికా మూలాలున్న నాట్యాల క్లాసుల కోసం వెతికితే ముందు ఎదురయ్యేది పేర్ల గందరగోళం. ఆఫ్రో-క్యూబన్, హైతియన్, బొంబా, ఆఫ్రో-బ్రెజిలియన్, సాంబా రెగే, కపోయెరా, కొన్నిచోట్ల వట్టి ‘ఆఫ్రో ఫ్యూజన్’. అన్నీ ఒకటేలే అనుకుని ఇంటికి దగ్గర్లో ఉన్నదాంట్లో చేరిపోతాం. ఆ తర్వాత మానేసేవాళ్లలో చాలామందికి ఆ కళ నచ్చక కాదు, తమ ఒంటికీ స్వభావానికీ సరిపడనిదాంట్లో పడడం వల్లే అని నా నమ్మకం.

ఏది ఎంచుకున్నా ముందుగా చూడాల్సింది ఒకటుంది: క్లాసు జరిగే గదిలో డ్రమ్ములు ఉన్నాయా, లేక స్పీకర్ మాత్రమే ఉందా? ఉపాధ్యాయుడి పేరు ప్రఖ్యాతులూ, ఫీజూ, దూరమూ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే ఈ కళలన్నిటిలోనూ అడుగూ దరువూ విడివిడిగా పుట్టలేదు. పశ్చిమ ఆఫ్రికా నుంచీ కాంగో ప్రాంతం నుంచీ బానిసలుగా ఓడల్లో తెచ్చిన మనుషులు చెరకు తోటల్లోనూ రేవు పట్నాల్లోనూ తమ దేవుళ్లనూ భాషనూ జ్ఞాపకాలనూ దాచుకున్నది చాలావరకు ఈ దరువుల్లోనే. ఒక్కో దైవానికి ఒక్కో దరువు, ఆ దరువుకు తగిన నడక. లౌకికమైన రుంబా, బొంబాల్లో కూడా డ్రమ్ము ఆడేవాళ్లతో మాట్లాడుతూనే ఉంటుంది. రికార్డింగ్‌కి ఆడితే అడుగులు వస్తాయి గానీ ఆ సంభాషణ రాదు.

లైవ్ డ్రమ్ములున్న క్లాసు ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. మొదటి అరగంటో ముప్పావుగంటో ఒళ్లు వేడెక్కించే కసరత్తు. తర్వాత అందరూ గది వెనక్కి వెళ్లి, ముగ్గురు నలుగురు చొప్పున వరుసలు కట్టి, డ్రమ్మర్ల వైపు ఆడుకుంటూ వస్తారు. ముందుండే డ్రమ్మరు కళ్లు మీ పాదాల మీదే ఉంటాయి. మీరు తడబడితే ఆయన దరువును కాస్త తేటగా, గట్టిగా వాయించి మిమ్మల్ని దారిలో పెడతాడు. అడుగు మార్చాల్సిన సమయం వస్తే ఒక పిలుపు వాయిస్తాడు. అది విని వరుస మొత్తం ఒక్కసారిగా మారాలి. అంకెలు లెక్కపెట్టుకుంటూ వచ్చినవాళ్లు అక్కడ దొరికిపోతారు, చెవి పెట్టినవాళ్లు మారిపోతారు. చివర్లో అందరూ డ్రమ్ముల ముందుకెళ్లి, వంగి నేలను తాకి, చెయ్యి గుండెకు ఆనించుకుంటారు. గజ్జె కట్టేముందు నేలకు దండం పెట్టుకునే అలవాటున్న మనకు అది ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇక ఒక్కోదాని సంగతి.

క్యూబా

ఇక్కడ రెండు లోకాలున్నాయి. ఒకటి రుంబా: వీధిలో, పెరట్లో పుట్టిన లౌకిక కళ, 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. రెండోది ఒరిషాల నాట్యం: పశ్చిమ ఆఫ్రికా యోరుబా జాతి మూలాలున్న దైవాలకు సంబంధించింది, ఆ దైవాలనే ఒరిషాలంటారు. ఒకే ఉపాధ్యాయులు తరచుగా రెండూ నేర్పుతారు గానీ నేర్చుకునే పద్ధతి వేరు.

రుంబాలో మూడు రకాలు. యాంబు నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో సాగుతుంది. గువాగువాంకో ఆడామగా మధ్య వెంటపడడం, తప్పించుకోవడం. కొలంబియా వేగంగా సాగే ఒంటరి ఆట, సంప్రదాయంగా మగవాళ్లది. చేత్తో వాయించే పొడవాటి కాంగా డ్రమ్ములు మూడింటిలో రెండు ఆధారం పట్టుకుంటే, అన్నిటికన్నా సన్నని గొంతున్న కీంతో ఆడేవాళ్లతో సంభాషిస్తుంది. వీటన్నిటి మీదా క్లావే, అంటే రెండు కర్రలు ఒకదానితో ఒకటి కొట్టే ఐదు దెబ్బల దరువు. క్లావే చెవికి ఎక్కకుండా క్యూబా సంగీతంలో ఏదీ ఎక్కదు. కాబట్టి మొదటి నెలలో ఉపాధ్యాయుడు మీచేత క్లావే చప్పట్లు కొట్టిస్తున్నాడా లేదా గమనించండి. కొట్టించకపోతే ఆయన మీకు స్టెప్పులు మాత్రమే నేర్పుతున్నట్టు.

మృదంగమో తబలానో నేర్చుకున్నవాళ్లకు నేను సూచించేది ఒరిషాల కోసం వాయించే బతా. మూడు డ్రమ్ముల జట్టు ఇది: పెద్దది ఇయా, మధ్యది ఇతోతెలే, చిన్నది ఒకొంకొలో. కూర్చుని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని రెండు వైపులా వాయిస్తారు కాబట్టి మృదంగం పట్టిన చేతులకు కూర్చునే తీరు వెంటనే అలవాటైపోతుంది. కష్టం వేరేచోట వస్తుంది. మన దగ్గర సమం (తాళం మొదలయ్యే మాత్ర) ఎక్కడో ముందే తేలిపోయి ఉంటుంది. బతాలో మూడు డ్రమ్ముల ఆరు ముఖాలూ కలిసి ఒకే వాక్యం పలుకుతాయి. మీ చేతిలో ఉన్నది అందులో ఒక ముక్క. పక్కవాడి ముక్క వినకపోతే మీది అర్థం కాదు. ఒకొంకొలోతో మొదలుపెట్టి, అదే చిన్న దరువును నెలల తరబడి విసుగులేకుండా వాయించగలిగినవాళ్లకే ఇది పట్టుబడుతుంది. ఓపిక లేకపోతే దీని జోలికి వెళ్లకండి.

ఆడవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పూజాకర్మతో ప్రతిష్ఠించిన బతాలను సంప్రదాయం ప్రకారం దీక్ష తీసుకున్న మగవాళ్లే వాయిస్తారు. క్లాసుల్లో వాడేవి ప్రతిష్ఠ లేనివి, వాటిని అందరూ నేర్చుకోవచ్చు. క్యూబాలోనే 1990ల నుంచి ఒబినీ బతా అనే మహిళా బృందం వేదికల మీద వాయిస్తోంది. అయినా కొందరు ఉపాధ్యాయులు ఆడవాళ్లకు నేర్పరు. ఫీజు కట్టకముందే అడిగేయండి. నేర్పేవాళ్లు దొరుకుతారు, ఒకచోట కాదంటే అక్కడితో ఆగిపోవద్దు.

హైతీ

క్లాసుల జాబితాలో హైతియన్ అని కనిపిస్తే చాలామంది దాటేసి పోతారు. అది పొరపాటు. నడుమూ వెన్నూ కదలడం నేర్పడంలో దీన్ని మించింది నేను చూడలేదు. యాన్వలూ అనే నాట్యంలో మోకాళ్లు వంచి, ముందుకు వాలి, వెన్నుపూసను అలలా కింది నుంచి పైదాకా కదుపుతారు. సర్పదైవం దంబాలాకు సంబంధించిన కదలిక అది. చూడడానికి నెమ్మది, చేయడానికి కాదు. పెత్వో అనే మరో వర్గం దైవాల దరువులు దీనికి పూర్తిగా వేరు: వేడిగా, పదునుగా ఉంటాయి.

హైతీ డ్రమ్మింగ్‌లో ‘కాసె’ అని ఉంటుంది. సాఫీగా సాగుతున్న దరువును పెద్ద డ్రమ్ము హఠాత్తుగా విరిచేస్తుంది, ఆడేవాళ్ల ఒళ్లు కూడా ఆ విరుపును పట్టుకోవాలి. డ్రమ్మరు లేని గదిలో ఇది నేర్చుకోవడం దాదాపు అసాధ్యం. న్యూయార్క్‌లో ఈ విద్యకు పెద్ద దిక్కుగా నిలిచినవాడు ఫ్రిస్నెర్ ఒగుస్తిన్. అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ 1999లో ఆయనకు వచ్చింది. 2012లో పోయారు. ఆయన శిష్యులమని చెప్పేవాళ్లు కనిపిస్తే శ్రద్ధగా కనుక్కోండి.

డనమ్ టెక్నిక్ అనే పేరు కూడా మీకు తగులుతుంది. కేథరిన్ డనమ్ మానవశాస్త్రం చదువుకున్న నర్తకి. 1935–36లో కరీబియన్ దీవుల్లో తిరిగి, హైతీలో ఉండి నేర్చుకున్నదాన్ని ఆధునిక నృత్య శిక్షణతో కలిపి ఒక పద్ధతి తయారుచేసింది. ముందు ఒంటిని క్రమంగా సిద్ధం చేసుకుని ఆ తర్వాత దరువులోకి వెళ్దామనుకునేవాళ్లకు ఇది మంచి దారి. కూచిపూడి, భరతనాట్యం చేసినవాళ్లకు ముఖ్యంగా చెబుతాను. మీ అరమండి మీకు బలమే, మోకాళ్లు వంచి ఉండడం కొత్త కాదు. నిటారుగా బిగబట్టిన వెన్ను మాత్రం అడ్డొస్తుంది. దాన్ని వదులు చేయడానికి డనమ్ టెక్నిక్ గానీ యాన్వలూ గానీ ఒక ఏడాది చేస్తే ఆ తర్వాత ఏ కరీబియన్ నాట్యమైనా సులువవుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందే ఉపాధ్యాయుడికి చెప్పండి.

పోర్టోరికో బొంబా

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, తెలుగువాళ్లలో దీని పేరు విన్నవాళ్లు తక్కువ కాబట్టి. పీపాల చెక్కతో చేసిన బరీల్ డ్రమ్ములు ఉంటాయి. ఒకటి ఆధార దరువు పట్టుకుంటుంది, దాన్ని బులెయదోర్ అంటారు. రెండోది సుబిదోర్, ఇంకో పేరు ప్రిమో. ఆడేవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి, చుట్టూ నడిచి, డ్రమ్ముల ముందు నిలబడి వందనం చేస్తారు. అక్కడి నుంచి మొదలయ్యేదంతా అప్పటికప్పుడు పుట్టేదే. పావడా కుచ్చిళ్లు ఎడమకు విసిరితే సుబిదోర్ ఫట్టుమని ఒక దెబ్బ వేస్తుంది. భుజం అదిరిస్తే ఇంకో దెబ్బ. పాదం నేలకు తాటించి ఆపేస్తే డ్రమ్ము కూడా ఆగిపోతుంది. ఇక్కడ దారి చూపేది ఆడేవాళ్లు, వెంబడించేది డ్రమ్మరు. ముందే కూర్చిన అడుగులు ఉండవు, డ్రమ్మరుకు మీరేం చేయబోతున్నారో తెలియదు, రెప్పవేయకుండా చూస్తుంటాడు.

సిగ్గరులైన పెద్దవాళ్లకు నేను మొదట సిఫారసు చేసేది బొంబానే. వయసు అడ్డురాదు. ఒళ్లు విల్లులా వంగడం కన్నా తెగువ ముఖ్యం. చిన్న కదలికకు కూడా జవాబు వస్తుంది కాబట్టి మొదటి రోజే ఆ మాటామంతీ రుచి తెలుస్తుంది. పోర్టోరికోలో సంతుర్సెలోని సెపేదా కుటుంబం, లోయీసాలోని అయాలా కుటుంబం దీన్ని తరాలుగా నిలబెట్టాయి. రఫాయెల్ సెపేదాకు 1983లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది. న్యూయార్క్‌లో పోర్టోరికో జనాభా పెద్దది, అక్కడ వెతకండి. బే ఏరియాలోనూ బొంబా సముదాయం ఉంది.

బ్రెజిల్

బ్రెజిల్ అనగానే ఈకల కిరీటాలు గుర్తొస్తాయి. అది రియో కార్నివాల్. ఆఫ్రో-బ్రెజిలియన్ అని చెప్పే క్లాసుల్లో ఎక్కువభాగం మూలాలు ఈశాన్యంలోని బాయియా రాష్ట్రంలో, సాల్వడోర్ నగరంలో ఉన్నాయి. అక్కడ మూడు దారులున్నాయి.

మొదటిది ఒరిషాల నాట్యం. క్యూబా దైవాలే ఇక్కడా కనిపిస్తారు, ఇయెమాంజా, ఒషుం, షాంగో, ఓగుం. బతాల బదులు అతబాకి డ్రమ్ములు, నడకలో తేడా, పాటల్లో తేడా. రోసాంజెలా సిల్వెస్త్రె రూపొందించిన సిల్వెస్త్రె టెక్నిక్ ఈ కదలికలనూ ఆధునిక శిక్షణనూ కలుపుతుంది. వేదిక మీద చూడాలంటే 1988లో మొదలైన బాలె ఫొల్‌క్లోరికో ద బాయియా బృందం సాల్వడోర్ పాతబస్తీ పెలోరిన్యోలో ప్రదర్శనలిస్తుంది.

రెండోది సాంబా రెగే. సాల్వడోర్ కార్నివాల్‌లో కదిలే నల్లవాళ్ల డ్రమ్ము బృందాల నుంచి వచ్చింది ఇది: 1974లో ఇలె అయ్యె, 1979లో ఒలోదుం పుట్టాయి. నల్లవాళ్లకు కార్నివాల్‌లో చోటివ్వని రోజుల్లో ఇలె అయ్యె తామే ఒక బృందంగా కదిలింది. ఒలోదుంలో పనిచేసిన నెగీన్యో దో సాంబా ఈ కొత్త దరువుకు రూపమిచ్చి, 1993లో దిదా అనే మహిళల డ్రమ్ము బృందాన్ని కూడా మొదలుపెట్టాడు. 1996లో మైకేల్ జాక్సన్ పెలోరిన్యోలో ఒలోదుంతో చిత్రీకరణ చేశాక ప్రపంచమంతా ఆ శబ్దం విన్నది.

ఇంతవరకు ఏ వాయిద్యమూ ముట్టనివాళ్లు డ్రమ్ములు నేర్చుకోవాలంటే సాంబా రెగే బృందంలోనే చేరండి, నేను రెండో మాట చెప్పను. పాతిక ముప్పై మంది మధ్య నడుముకు కట్టుకున్న సుర్దు అనే పెద్ద డ్రమ్ము మీద రెండు మూడు దెబ్బలతో మొదలవుతుంది. తప్పు పోతే పక్కవాళ్లు కప్పేస్తారు, నెలకే వీధిలో వాయించే అవకాశం రావచ్చు. తాళం అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక: మామూలు సాంబాలో పెద్ద సుర్దు బరువైన దెబ్బ రెండో మాత్ర మీద పడుతుంది. మొదటి మాత్ర మీద బరువు వెతికే మన చెవి కొన్నాళ్లు తికమకపడుతుంది. టెన్షన్ పడొద్దు, కాళ్లతో నడుస్తూ వాయిస్తే సర్దుకుంటుంది.

మూడోది కపోయెరా. పోరూ ఆటా పాటా కలిసిన విద్య. 1890 శిక్షాస్మృతిలో నేరంగా రాసిన దీన్ని 1932లో మెస్త్రె (గురువు) బింబా బడి పెట్టి నేర్పడం మొదలుపెట్టాడు, ఆయన శైలి రెజియోనాల్. పాత పద్ధతిని పట్టుకున్న మెస్త్రె పాస్తీన్యా శైలి అంగోలా. రెజియోనాల్ వేగం, ఎగురుడు. అంగోలా నేలకు దగ్గరగా, ఎత్తుగడలతో, నెమ్మదిగా. పిల్లల్ని చేర్పించాలనుకునేవాళ్లకు రెజియోనాల్ నుంచి వచ్చిన బృందాలే ఎక్కువగా దొరుకుతాయి. నలభై దాటినవాళ్లు అంగోలా చూడండి. పాస్తీన్యా శిష్యుడు మెస్త్రె జోవావు గ్రాంజి న్యూయార్క్‌లో పెద్ద వయసులోనూ నేర్పుతూ వచ్చినవాడు. మిగతా కళలకు లేని సౌకర్యం ఒకటి దీనికుంది: ఇండియాలో కూడా దొరుకుతుంది. ముంబై, బెంగళూరుల్లో బృందాలున్నాయి. క్యూబా, హైతీ దరువులకు మన దగ్గర ఎప్పుడైనా వచ్చే వర్క్‌షాపులే దిక్కు.

(హైదరాబాద్ వాళ్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నా: మన పెళ్లిళ్ల మార్ఫా కూడా ఆఫ్రికా సంబంధమున్నదే. నిజాం ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ పేరు మీదే ఏసీ గార్డ్స్ బస్తీ ఉంది, ఆఫ్రికా సంతతివాళ్లైన సిద్దీలు ఆ దరువును నిలిపారు. ఆ దారి తూర్పు ఆఫ్రికా, యెమెన్‌ల మీదుగా హిందూ మహాసముద్రంలో వచ్చింది. అట్లాంటిక్ దరువులతో కలిపేయకండి గానీ, మార్ఫా వాయించే పెద్దల దగ్గర కూర్చుని వినే అవకాశం ఉంటే వదులుకోకండి.)

ఉపాధ్యాయుల్ని ఎలా పోల్చాలి

గొప్ప ప్రదర్శకులందరూ గొప్ప గురువులు కారు. వేదిక మీద చూసి మతిపోయి చేరితే, ఆయన ముందు ఆడుతుంటే వెనక మీరు అనుకరించడంతోనే గంట గడిచిపోవచ్చు. మంచి గురువు వెనక్కి తిరిగి మీ పాదాన్ని చూస్తాడు, దరువును నోటితో పలికి వినిపిస్తాడు, ఆ అడుగు ఎక్కడిదో ఒక్క వాక్యంలోనైనా చెబుతాడు.

ఈ విద్యల్లో చాలావాటికి సర్టిఫికెట్లుండవు. కపోయెరాలో పట్టీలూ మెస్త్రె బిరుదూ ఉన్నాయి, బతాలో దీక్ష ఉంది, మిగతావాటిలో పరంపరే సాక్ష్యం. కాబట్టి ‘మీరెవరి దగ్గర నేర్చుకున్నారు?’ అని నేరుగా అడగండి. నిజంగా నేర్చుకున్నవాళ్లు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు, గురువుల పేర్లూ ఊళ్ల పేర్లూ చెబుతారు. 1962లో ఏర్పడిన క్యూబా జాతీయ జానపద బృందం కొంఖుంతో ఫొల్‌క్లోరికో నసియొనాల్‌లోనో, 1952 నుంచి ఉన్న ముంయెకీతోస్ ద మతాన్సస్‌తోనో పనిచేసిన కళాకారులు మీ ఊరికి వర్క్‌షాపుకొస్తే మిగతావన్నీ మానుకుని వెళ్లండి. ఉపాధ్యాయుడు ఆ దేశంవాడే అయ్యుండాలని నేననను. బయటివాళ్లలో అద్భుతంగా నేర్పేవాళ్లున్నారు. తమ గురువులను పేరు పెట్టి తలుచుకుంటున్నారా, వాళ్లను పిలిపించి గౌరవంగా డబ్బిస్తున్నారా అన్నది చూస్తాను.

వద్దని చెప్పే గుర్తులు కొన్ని. దేశమేదో చెప్పకుండా అంతా ‘ఆఫ్రికన్’ అనడం. దైవాల పాటలను వర్కౌట్ పాటలుగా వాడడం. పోస్టరు మీద డ్రమ్మర్ల పేర్లు లేకపోవడం. ఈ చివరిది చిన్నదనిపిస్తుంది గానీ నాకు అదే పెద్దది.

ఓక్లాండ్‌లో ఉన్నవాళ్లు మలోంగా కాస్కలోర్డ్ సెంటర్ అనే కళాకేంద్రంతో మొదలుపెట్టవచ్చు. కాంగో నుంచి వచ్చి అక్కడ తరాలకు నేర్పి, 2003లో మరణించిన కళాకారుడి పేరు ఆ భవనానికి పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డాన్స్ మిషన్ అనే నాట్యశాల ఉంది. మే చివర్లో మిషన్ ప్రాంతంలో జరిగే కార్నివాల్ చూస్తే స్థానిక బృందాలు చాలావరకు ఒకేరోజు కళ్లబడతాయి, అక్కడే పోల్చుకోవచ్చు.

కార్యక్రమానికి పిలవాలనుకుంటే

తెలుగు సంఘాల వేడుకల్లో పది నిమిషాలు ‘ఆఫ్రో బ్రెజిలియన్ ఐటమ్’ పెడదామని అనుకునేవాళ్లకు కూడా రెండు మాటలు. ఒరిషాలనూ హైతీ దైవాలనూ కొలిచే మతాల్లో దరువు దైవాన్ని పిలుస్తుంది, దైవం మనిషి మీదికి వస్తుంది. బోనాల్లో శివసత్తుల పూనకం చూసిన మనకు ఇది తెలియనిది కాదు. ఆ పూనకాన్ని ఎవరైనా తమ పార్టీలో భోజనాల మధ్య పెట్టమంటే మనకెలా ఉంటుంది? ఇంకో విషయం, బాయియాలో ఈ పూజలు చేసుకోవడానికి 1976 దాకా పోలీసుల అనుమతి కావాల్సివచ్చేది. అంత అణచివేతను తట్టుకుని నిలిచినవాటిని అడిగేటప్పుడు జాగ్రత్తగా అడగాలి. అందుకే సాంబా రెగే, రుంబా, బొంబా, కపోయెరా అడగండి. దైవాల నాట్యాన్ని వేదికకు తగ్గట్టు మలిచిన రూపాలు ఉంటాయి, వాటిని చూపాలా వద్దా అన్నది కళాకారులకే వదిలేయండి. ఒరిషా నాట్యం చేసేవాళ్లను ఈకల డ్రెస్సుతో రమ్మనకండి.

ఖర్చు తగ్గించడానికి డ్రమ్మర్లను తీసేసి ట్రాక్ పెట్టుకోమని బేరమాడకండి. డబ్బు తక్కువుంటే ఆడేవాళ్లను తగ్గించి, ముగ్గురు డ్రమ్మర్లనూ ఒకరిద్దరు నర్తకులనూ పిలవండి, అదే బాగుంటుంది. పాదాలు చెప్పుల్లేకుండా నేల మీద పడతాయి కాబట్టి కాంక్రీటు మీద ఆడించకుండా చెక్క వేదిక చూడండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒకే ఉపాధ్యాయుడి క్లాసుకు వరసగా రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి అంతా కొత్త, ఏమీ అర్థం కాదు. రెండోసారి దరువును గుర్తుపట్టగలిగితే ఆయన మీకు సరిపోతాడు. వదులైన బట్టలు వేసుకోండి, బొంబా అయితే పొడవాటి పావడా అక్కడే అప్పుగా ఇస్తారేమో కనుక్కోండి. కొన్ని క్లాసుల్లో డ్రమ్మర్ల కోసం విడిగా డబ్బు వేస్తారు, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.